ఆగిన కారణం

నా బొమ్మల పుస్తకంలో ప్రతి పేజీకీ కింద, కుడిచేతి మూలన చిన్న గడి గీసి ఉంటుంది. అందులో చోటు, మొదలుపెట్టిన టైము, ఆపిన టైము, ఆగిన కారణం రాస్తాను. పెళ్లికి ముందు నాలుగేళ్లు హైదరాబాద్‌లో ఒక ఆఫీసులో అకౌంట్స్ చూసినదాన్ని. రిమార్క్స్ గడి ఖాళీగా కనిపిస్తే ఇప్పటికీ చెయ్యి ఊరుకోదు.

నిన్నటి గడి, ఓరుగల్లు కోటలో రాతి వాకిలి దగ్గరిది: తూర్పు తోరణం. 7:05 నుంచి 7:16. ఉచ్చ.

మొన్నటిది, కోటలోనే ఉన్న పాత దర్బారు హాలుది: ఖుష్ మహల్ బయట. 7:20 నుంచి 7:24. చెప్పు పోయింది.

అటు మొన్నటిది: తోరణం, ఎడమ స్తంభం మాత్రమే. 6:58 నుంచి 7:15. ఆవు.

ఆవు వచ్చి నా మీద పడిందని కాదు. చిన్నోడే పోయి దాని మూతి ముందు నిలబడి "బువ్వ తిన్నవా?" అని అడుగుతున్నాడు.

మేముండేది వరంగల్‌లో, అండర్ బ్రిడ్జి దాటాక శివనగర్‌లో. స్కూటీ మీద కోటకు పట్టుమని పది నిమిషాలు పట్టదు. మా ఆయనకు కాజీపేటలో రైల్వే డ్యూటీ, షిఫ్టులు మారుతుంటాయి. పెద్దదానికి ఐదున్నరేళ్లు, యూకేజీ. చిన్నోడికి రెండున్నర, ఇంకా ఏ కేజీ లేదు. ఇల్లు రెండు గదులు. రాత్రంతా డ్యూటీ చేసి పొద్దున ఆరింటికి వచ్చిన మనిషి కాసేపు కన్ను మూయాలంటే, ఆరున్నరకే లేచి కూర్చునే ఈ ఇద్దరినీ ఎటైనా తీసుకుపోవాలి. రోజూ కోటకు వెళ్లడం వెనక అసలు సంగతి అదే. కళ, అభిరుచి అన్నవి తర్వాత తగిలించుకున్న పేర్లు. స్కూలు వ్యాను ఎనిమిదీ ఇరవైకి వస్తుంది. రానూపోనూ, టిఫినూ, జడలూ తీసేస్తే నాకు మిగిలేది అరగంట. అందులో పెన్ను కాగితం మీద ఉండేది పదో పన్నెండో నిమిషాలు.

మొదలైంది 2022 చివర్లో, చిన్నోడికి ఐదో నెల నడుస్తున్నప్పుడు. అర్ధరాత్రి వాడికి పాలిస్తూ, కునుకు పట్టకుండా ఫోన్ చూసేదాన్ని. ఒక రాత్రి ఎవరో ఏదో ఊళ్లో మెట్ల మీద కూర్చుని ఎదురుగా ఉన్న బేకరీని గీస్తూ కనిపించారు. గీత వంకర పోయినా ఆపరు, చెరపరు. అలా చూస్తూ పోతే తెలిసింది, దీన్ని అర్బన్ స్కెచింగ్ అంటారని, స్పెయిన్ నుంచి వెళ్లి సియాటిల్‌లో పత్రికకు బొమ్మలు వేసిన గాబ్రియేల్ కాంపనారియో 2007లో ఆన్‌లైన్‌లో దీనికోసం ఒక గుంపు కట్టాడని. వాళ్ల పద్ధతి చిన్నదే. ఆ చోటికి వెళ్లి, కళ్లతో చూస్తూ గీయాలి. ఫోటో పెట్టుకుని గీయకూడదు. ఉన్నది ఉన్నట్టు గీయాలి. దానికి నేను ఇంకోటి కలుపుకున్నాను: ఇంటికొచ్చి పూర్తి చేయకూడదు. ఇదేమీ గొప్ప నియమం కాదు. ఇంటికొచ్చాక నాకు టైం ఎక్కడిది?

మొదట్లో ఊరు గీయలేదు. గ్యాస్ సిలిండర్ గీశాను, ఉయ్యాల గీశాను, వీధిలో ఇస్త్రీ బండి గీశాను. పాత రూళ్ల నోట్‌బుక్కు, బాల్‌పెన్ను. ఆ పేజీలు ఎవరికీ చూపించను. వాడు నడక నేర్చి ఇల్లు సరిపోకుండా పోయాక కోటకు మారాం.

కోట అంటే తెలియనివాళ్లు బోడిగుట్ట మీద శిథిలాలు ఊహించుకుంటారు. ఓరుగల్లు కోట నేల మీదే ఉంటుంది, ఇప్పటికీ లోపల మనుషులుంటారు. ముందు మట్టికోట, తర్వాత రాతికోట. రాతికోట దర్వాజ నేరుగా లోపలికి తెరుచుకోదు, మలుపు తిరిగి పోవాలి. దండెత్తి వచ్చినవాళ్లు ఊపు మీద దూసుకురాకుండా కాకతీయులు అలా కట్టారు. ఇప్పుడా మలుపులో ఆటోలు హారన్ కొట్టుకుంటూ పోతాయి. లోపల ఇళ్లు, బర్రెలు, మక్క చేన్లు, కిరాణా కొట్టు, మధ్యలో కంచె వేసిన మైదానం. ఆ మైదానానికి నాలుగు దిక్కులా నాలుగు తోరణాలు. వాటి నడుమ ఒకప్పుడు స్వయంభూ శివుడి గుడి ఉండేది. 1323లో ఢిల్లీ సైన్యం ఓరుగల్లును పట్టుకుంది. గుడి పోయింది, దాని నాలుగు వాకిళ్లు మిగిలాయి. లోపలికి టికెట్టు ఇరవై ఐదు రూపాయలు, పదిహేనేళ్ల లోపు పిల్లలకు లేదు. నాకు రోజూ ఇరవై ఐదంటే నెలకు ఏడు వందల యాభై. పాల బిల్లు గుర్తొస్తుంది. అందుకే ఒక్కటి తప్ప నా తోరణాలన్నీ కంచె బయట నుంచి గీసినవే. దగ్గర్నుంచి చూస్తే కనిపించే పనితనం నా పుస్తకంలో లేదంటే కారణం అదీ.

తోరణం గీయడం చూసినంత తేలిక కాదు. ముప్పై అడుగుల ఎత్తు రాయి. రెండు వైపులా స్తంభాలు, వాటి నుంచి ఏటవాలుగా పైకి లేచి దూలాన్ని మోసే కొమ్ములు, దూలం నిండా పద్మాలు, దండలు, పక్షులు, పైన చివర్లలో హంసలు. పుట్టినప్పటి నుంచి చూస్తున్న ఆకారమే. 2014లో రాష్ట్రం వచ్చినప్పుడు చిత్రకారుడు ఏలె లక్ష్మణ్ గీసిన తెలంగాణ చిహ్నంలోనూ ఇదే. అలవాటైన ఆకారంతో ఇబ్బందేంటంటే, కన్ను ఎదురుగా ఉన్నదాన్ని వదిలేసి లోపల ఉన్న ముద్రను గీస్తుంది. మొదటి నెల నా తోరణాలన్నీ బట్టలారేసే దండేల్లా వచ్చాయి.

దారి చూపింది మా అత్తమ్మ. ఆమె మొదటి నుంచీ దీనికి వ్యతిరేకి. "కాగితాల మీద గీసే బదులు వాకిట్ల ముగ్గేస్తే లక్ష్మైనా వస్తది" అనేది. సంక్రాంతికి వచ్చినప్పుడు నా పుస్తకం తిరగేసి, ఒక పేజీ దగ్గర ఆగి, "చుక్కలు పెట్టుకోలేదా?" అంది. "దీనికి చుక్కలేంది అత్తమ్మా?" అన్నాను. "చుక్కలు లేకుంటే ముగ్గు ఒక దిక్కే పోతది" అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆ మర్నాడు గీత గీయకుండా ఐదు చుక్కలు పెట్టాను. దూలం రెండు కొసలకు రెండు, స్తంభాలు నేలను తాకే చోట రెండు, నడుమ దూలం అడుగున ఒకటి. ఎడం ఎంతో, ఎత్తు ఎంతో పెన్ను నిలబెట్టి బొటనవేలితో కొలిచాను. చుక్కలు సరిగ్గా పడితే గీతలు వాటంతటవే కూర్చుంటాయి. పైగా చుక్కలు పెట్టడానికి రెండు నిమిషాలే. ఆ రెండు నిమిషాల తర్వాత ఎవరు ఏడ్చినా, ఎవరికి ఉచ్చ వచ్చినా, పేజీ మీద తోరణం కొలత మిగిలి ఉంటుంది. ఇన్నాళ్లూ ఎడమ స్తంభంతో మొదలుపెట్టి, కుడి స్తంభం చేరేలోపు లేచేదాన్ని. అందుకే నా దగ్గర ఎడమ స్తంభాలు ముప్పై దాకా ఉన్నాయి, కుడివి ఏడెనిమిది.

రెండో ఉపాయం పెద్దదానిది, అది ఉపాయమని దానికి తెలియదు. కంచె పట్టుకుని చూస్తూ "అమ్మా, మధ్యల ఇల్లు ఉన్నది" అంది. ఏ ఇల్లు అని చూస్తే, స్తంభాల నడుమ కనిపించే ఆకాశం. కొమ్ములు రెండు మూలల్నీ ఏటవాలుగా కోసేస్తాయి కాబట్టి ఆ ఖాళీ నిజంగానే గుడిసెలా ఉంది. గోడలు, వాలు కప్పు, మీద చదును. అప్పటి నుంచి రాయిని వదిలేసి ముందు ఆ ఆకాశపు గుడిసె గీస్తున్నాను. రాయి దానంతటదే చుట్టూ వచ్చి నిలబడుతుంది. బొమ్మలు నేర్పేవాళ్లు దీనికి ఏదో పేరు చెప్తారు. మా ఇంట్లో "ఇల్లు గీసినవా?" అనే అంటాం.

దానికి ఇంకో అనుమానం కూడా ఉంది. మా ఊళ్లో తోరణం ఒక్క కోటలోనే ఉండదు. చౌరస్తాల్లో, కాలనీ మొదట్లో, ఫంక్షన్ హాళ్ల ముందు, ఎక్కడ చూసినా సిమెంటు తోరణాలే. ఒక కాలనీ తోరణానికి బంగారు రంగు కూడా వేశారు. "రెండిట్ల ఏది నిజంది?" అని అడిగింది. ఇది, అన్నాను. "మరి అదే మంచిగున్నది కదా, ఇది పగిలింది." ఆ రోజు సాయంత్రం స్కూటీ ఆపి, ఆ సిమెంటుది కూడా అదే పేజీలో పక్కన గీశాను. గీస్తే తెలిసింది, సిమెంటు హంసలకు మెడ లేదు. బాగా మేపిన బాతులు. పెద్దది ఒప్పుకోలేదు. దానికి ఇప్పటికీ బంగారు రంగుదే నచ్చుతుంది, సరే.

కోటలో గీస్తుంటే ఒక రోజు జరిగింది చెప్పాలి. ఆ పొద్దున కంచె పక్క నుంచి కాకుండా, ఒక సందు మొదట్లో రాయి మీద కూర్చున్నాను. ఎదురుగా గూన పెంకుల ఇల్లు, దాని భుజం మీదుగా తోరణం పైభాగం కనిపిస్తోంది. పెంకులు, వెనక హంస, చాలా బాగుంది. చిన్నోడు ఒళ్లో. పెద్దది గవ్వలని పేరు పెట్టుకుని గులకరాళ్లు ఏరుతోంది. నాలుగు చుక్కలు పెట్టానో లేదో, ఇంట్లోంచి ఒక అవ్వ వచ్చి నా ముందు నిలబడింది. చేతిలో చీపురు.

"ఏం రాస్తున్నవ్ బిడ్డా?"

"రాస్తలేనవ్వా, బొమ్మ గీస్తున్న."

"మా ఇల్లు దాంట్ల పడ్డదా?"

పడింది, అన్నాను సంతోషంగా. పొంగిపోతుందనుకున్నాను. ఆమె మొహం మారింది. "తీసెయ్" అంది.

నాకు అర్థం కాలేదు. పుస్తకం చూపించాను. అప్పటికి అందులో నాలుగు చుక్కలు, ఒక గీత ఉన్నాయి. దాంతో ఇంకా చెడింది. కొలతలు తీసుకుంటున్నానని ఖాయం చేసుకుంది. "వంద మీటర్ల లొల్లికి వచ్చినవా? ఎవలు పంపిండ్రు?" అని గట్టిగా అడిగింది. పక్కింట్లోంచి ఇంకో ఇద్దరు వచ్చారు.

రక్షిత కట్టడానికి వంద మీటర్ల లోపల కొత్తగా ఏదీ కట్టకూడదు. ఆ అవతల ఇంకో రెండు వందల మీటర్ల దాకా ఏం కట్టాలన్నా అనుమతి కావాలి. 2010లో చట్టాన్ని సవరించి దీన్ని బిగించారు. పేపర్లో చదివితే న్యాయంగానే ఉంటుంది, రాళ్లను కాపాడాలి కదా అనిపిస్తుంది. ఆ వంద మీటర్ల లోపలే పుట్టి, అక్కడే కోడలిగా వచ్చి, ముగ్గురు కొడుకులకు పెళ్లిళ్లు చేసిన మనిషికి అది వేరేలా వినిపిస్తుంది. పై గది వేయాలంటే భయం, మరుగుదొడ్డి కట్టాలంటే భయం, ఎవరైనా కాగితం పట్టుకుని సందులోకి వస్తే భయం. పెన్ను నిలబెట్టి ఒంటికన్నుతో వాళ్ల ఇంటిని కొలుస్తున్న నేను ఆమె కంటికి ఇంకెలా కనిపిస్తాను? నేను మాత్రం అంతవరకూ ఆ పెంకుల్ని హంసకు పీటలాగా చూస్తున్నాను.

ఆ పేజీ చింపి ఆమె చేతిలో పెట్టాను. పిల్లల పుస్తకం కదా అని అబద్ధం కూడా ఆడాను. ఆమె నాలుగు మడతలు పెట్టి రొండిన దోపుకుంది. అప్పుడే చిన్నోడు ఆమె చీపురు పట్టుకుని లాగడం మొదలుపెట్టాడు. ఆమె వదల్లేదు, వాడూ వదల్లేదు. చివరికి ఆమే నవ్వి, "గట్టోడే" అంది. ఇంట్లోంచి బెల్లం ముక్క తెచ్చి వాడికి పెట్టింది. నాకేమీ పెట్టలేదు. చినిగిన పేజీ అంచు ఇంకా పుస్తకంలో ఉంది. దాని పక్క పేజీ గడిలో రాశాను: వంద మీటర్లు.

తర్వాత ఆ సందులోకి వెళ్లినప్పుడల్లా ముందు "అవ్వా, హంసను గీస్తున్న, ఇల్లు కాదు" అని కేకేసి కూర్చునేదాన్ని.

సామాను గురించి అడుగుతుంటారు కాబట్టి చెప్తాను, పెద్దగా ఏమీ లేదు. అంతా చిన్నోడి డైపర్ల సంచిలోనే. ఇంకు పెన్ను ఒకసారి పాల సీసా మీద కారింది, అప్పటి నుంచి బాల్‌పెన్నే. కామెల్ వాళ్ల రంగు బిళ్లల పెట్టె ఒకటి. అందులో నల్ల బిళ్ల ఇంకా కొత్తదానిలాగే ఉంది. నల్లరంగు వేస్తే రాయి కాస్తా సిమెంటైపోతుంది. ముదురు నీలంలో ఇటుక రంగు కలిపితే వచ్చే బూడిద వేరు. నీలం కాస్త ఎక్కువైతే నీడ, ఇటుక రంగు ఎక్కువైతే ఏడింటి ఎండ. ఎండాకాలంలో మాత్రం రంగు పెట్టుకోను. ఏడున్నరకే కుంచె పేజీ మీదికి వచ్చేలోపు ఎండిపోతుంది.

కుంచె ముంచే నీళ్లకు దగ్గు మందు సీసా మూత వాడతాను. దీని వెనక కథ ఉంది. మొదట్లో స్టీలు గ్లాసు పెట్టుకునేదాన్ని. ఏకశిల పార్కు దగ్గర ఒక రోజు, గుట్టను గీస్తున్నాను. ఓరుగల్లుకు ఆ పేరు తెచ్చిందే ఆ ఒంటి రాయి. ఒకే రాయి కాబట్టి గీయడం సులువనుకుంటారు. అంచు తప్ప పట్టుకోవడానికి ఏమీ ఉండదు. అందులో మునిగిపోయాను. చిన్నోడు బుద్ధిగా పక్కన కూర్చున్నాడు. అంత బుద్ధిగా ఉన్నాడంటేనే నాకు అనుమానం రావాల్సింది. తిరిగి చూస్తే పార్లేజీ బిస్కెట్టును గ్లాసులో ముంచి, మెత్తబడ్డాక శ్రద్ధగా తింటున్నాడు. చాయ్ అనుకున్నాడు పాపం. నీళ్ల రంగు కూడా అచ్చం చాయే, ఇటుక రంగు కలిసింది కదా. అప్పటికి మూడు బిస్కెట్లు అయిపోయాయి. పెట్టె మీద విషం కాదని రాసి ఉంటుందని తెలుసు, కానీ ఆ క్షణంలో ఏది తెలుసు? గుండె జారిపోయింది. డాక్టరు గారు ఫోన్లో విని, నీళ్లు బాగా తాగించమని, సాయంత్రం దాకా చూడమని చెప్పారు. వాడికేమీ కాలేదు. మర్నాడు డైపరు మామూలుగా ఉందా, నీలంగా ఉందా అని మా ఆయన నన్ను మూడుసార్లు అడిగాడు. దగ్గు మందు మూతలో ఏ బిస్కెట్టూ పట్టదు.

వాన పడినా, కోట రోడ్డు బాగాలేకపోయినా హన్మకొండ వైపు పోతాం. వేయిస్తంభాల గుడి పెద్దదానికి లెక్కల క్లాసు. 1163లో రుద్రదేవుడు కట్టించిన గుడి. దాని ఎదుట కల్యాణ మండపాన్ని బాగుచేయడానికని 2006లో విప్పేశారు. నేను కాలేజీలో ఉన్నన్నాళ్లూ అక్కడ నంబర్లేసిన రాళ్ల కుప్పలే చూశాను. పెళ్లయింది, ఇద్దరు పిల్లలు పుట్టారు, అప్పుడు 2024 మార్చిలో మండపం మళ్లీ తెరిచారు. నేను దాన్ని నిలబడి ఉండగా చూడటం అదే మొదటిసారి. పెద్దది స్తంభాలు లెక్కపెట్టడం మొదలుపెట్టి, ముప్పై తొమ్మిది తర్వాత ముప్పై పది అంటుంది, మళ్లీ మొదటికొస్తుంది. నా బొమ్మలోనూ అంతే, లోపలికి పోయేకొద్దీ స్తంభాలు ఒకదాని వెనక ఒకటి దాక్కుంటాయి, ఎక్కడున్నానో తప్పిపోతాను. పోయిన ఎంగిలిపూల బతుకమ్మ రోజు అక్కడే గీద్దామని పోయాను. ఆ జనంలో ఏం గీస్తాం? ఒక చేత్తో బతుకమ్మ, ఒక చేత్తో చిన్నోడు. ఇంటికొచ్చి చూస్తే పేజీ మీద గునుగు పువ్వు పొడి తప్ప ఏమీ లేదు. దాన్ని అలాగే ఉంచాను. కారణం గడిలో "చేతులు రెండే" అని రాశాను.

భద్రకాళి చెరువు గురించి కూడా ఒక మాట. 2024 నవంబరులో పూడిక తీయడానికి నీళ్లన్నీ వదిలేశారు. గట్టు మీద నిలబడి పెద్దది "ఎవరు తాగేసిండ్రు?" అంది. నేను రెండు వారాలు వరుసగా అదే చోటు నుంచి గీశాను. మొదట బురద, కొంగలు. తర్వాత నెర్రెలు. నెర్రెలు గీయడం భలే ఉంటుంది, తప్పనేదే ఉండదు. చిన్నోడు కూడా ఒక పేజీ గీశాడు. నిజం చెప్తే వాడిదే ఎక్కువ చెరువులా ఉంది.

అందరూ ఒక మాట అంటారు, అమ్మలు తమకంటూ కొంత టైం ఉంచుకోవాలని. అనేవాళ్లకు పిల్లల్ని చూసే ఎవరో ఒకరుంటారని నా అనుమానం. నాకు ఒకే ఒక్క ఆదివారం అలాంటి టైం దొరికింది. మా ఆయన సెలవు పెట్టి, ఇద్దరినీ తను చూసుకుంటానని పంపించాడు. ఇరవై ఐదు రూపాయలు పెట్టి టికెట్టు కొనుక్కుని, లోపల నీడలో కూర్చుని గంటన్నర గీశాను. దక్షిణ తోరణం, మొత్తం. రెండు స్తంభాలు, దూలం, దండలు, హంసలు. బొమ్మ బాగా వచ్చింది, కాదనను. మధ్యలో నాలుగుసార్లు తలెత్తి వెనక్కి చూశాను, ఎవరు ఏడుస్తున్నారోనని. కారణం గడి దగ్గరకొచ్చేసరికి ఏం రాయాలో తోచలేదు. చాలాసేపు ఆలోచించి "అయిపోయింది" అని రాశాను. మా అత్తమ్మ ఆ పేజీ చూసి, "ఇది ఫోటో చూసి గీసినవా?" అంది.

పోయిన వారం సంగతి చెప్పి ఆపుతాను. పొద్దున సందులోకి వెళ్లగానే, నేను ఇంకా కేకేయకముందే అవ్వ బయటికొచ్చింది. "ఇయ్యాల ఇల్లు గీయి" అంది. మొన్నటి గాలివానకు వెనక గోడ దిగిందట, కప్పు ఎప్పుడు కూలుతుందో తెలియదట. కొడుకులు బాగుచేయించడానికి కాగితాల కోసం తిరుగుతున్నారట. "ఉన్నన్నొద్దులే ఉంటది. నువ్వైతే గీసిపెట్టు."

కూర్చున్నాను. చుక్కలు పెడుతుంటే పక్కనే నిలబడి చూసింది, ఈసారి ఏమీ అనలేదు. గూన పెంకులు వరసలు వరసలుగా గీశాను. గడప ముందు మెట్టుకు వేసిన రాయి మీద సగం పద్మం ఉంది. ఇన్నాళ్లూ దాన్ని చూడనే లేదు, పైన హంసను చూడటంతోనే సరిపోయింది. పద్మం గీశాను. ముందు గోడ మీద, కిటికీ పక్క నుంచి కప్పు దాకా పగులు ఉంది, అదీ గీశాను.

అవ్వ వంగి చూసింది. "అన్నీ మంచిగనే ఉన్నయి. ఆ పగులెందుకు పెట్టినవ్? తుడిచెయ్."

బాల్‌పెన్ను తుడిస్తే పోదు. ఉన్నది ఉన్నట్టు గీయాలని నియమం ఒకటి. ఏం చెప్పాలో తెలియక "పోదవ్వా" అన్నాను. ఆమె ఏమీ మాట్లాడలేదు. అంతలో పెద్దది నా చేతిలోంచి పుస్తకం లాక్కుని, నేల మీద పెట్టి, తన ఆకుపచ్చ క్రేయాన్‌తో పగులు వెంబడి కింది నుంచి పైదాకా గట్టిగా ఒక గీత లాగింది. దానికి అటూ ఇటూ ఆకులు పెట్టింది. పెంకుల మీద దాకా పాకించింది. పద్మం కూడా సగం ఆకుల కింద పోయింది.

అవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుని, పేజీని దూరంగా పట్టుకుని చూసింది.

"బీరనా, కాకరనా?"

"చిక్కుడు" అంది పెద్దది.